నర్సన్న చెప్పుల మరుపు

కొత్త చెప్పులతో ఏకాదశి భజనకు పోయిన నర్సన్న, అరిగి కన్నం పడ్డ చెప్పులతో తిరిగొచ్చి, కాళ్లు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. నాందేడ్‌లో పత్తి అడితి దుకాణంలో గుమాస్తా. ఏ ఎడ్లు ఏ రైతువో వీధి చివర నుంచే చెప్పేవాడు. సొంత చెప్పులు గుర్తుపట్టడమొక్కటే ఎన్నేళ్లయినా రాదు.

"ఇవెవరియి?" అంది భార్య కాశీబాయి.

"నాయే గద!"

"మీ చెప్పులకు ఇంత బొంద ఎప్పుడు పడ్డది?"

"నడిస్తే పడదా?"

తర్వాతి జతకు ఆమె గుర్తుగా ఎర్రదారం కట్టింది. నర్సన్న మళ్లీ ఎవరివో పాతవి తొడుక్కొచ్చాడు. దారం మాత్రం పోకుండా విప్పి జేబులో పెట్టుకొచ్చాడు.

ఆయనకు చక్కెర బీమారి. రోజూ కంపౌండరు వచ్చి ఇన్సులిన్ సూది వేసిపోయేవాడు. ఒకనాడు జ్వరంతో పాటు గజ్జలో నిమ్మకాయంత బిళ్ల కట్టింది. పక్కింటి లీలాబాయి చెవిన పడడమే ఆలస్యం.

"వదినా, గజ్జల బిళ్లంటే ప్లేగే!"

మధ్యాహ్నానికల్లా సగం గల్లీ ఊరొదిలి పొలాల్లో గుడిసెలేసుకోను బిస్తర్లు చుట్టింది.

"ప్లేగు లేదు గీగు లేదు. గా సూదితోనే గిట్లయింది. ఇగ ఏయించుకోను," అని నర్సన్న మొండికేశాడు. సూది మానాక కడివెడు నీళ్లు తాగినా నాలుక తడారిపోతోంది. మంచం మీంచి లేవలేకపోతున్నాడు. మనిషి దక్కుతాడా అని గుబులు పుట్టి కాశీబాయి డాక్టర్‌సాబ్‌ను పిలిపించింది.

ఆయన మెడ తడిమాడు, పళ్లు చూశాడు, చంకలు చూశాడు. "పైర్ దిఖావో," అని కాళ్లు చాపమన్నాడు. అరికాల్లో ఇనుప మొల దిగిన పుండు, లోపల చీము.

"సూది తప్పు కాదమ్మా. ఈ చీముకే బిళ్ల కట్టింది. ఈ బీమారిల కాలికి సోయి ఉండది, మొల దిగినా తెల్వది. సూది ఆపిండ్రా, కాలు పోతది!"

కాశీబాయి గడప దగ్గరి పాత చెప్పు తిరగేసింది. అట్టలోంచి మొల తొంగిచూస్తోంది.

సూది మళ్లీ మొదలైంది. జ్వరం దిగింది, బిళ్ల కరిగింది, లీలాబాయి బిస్తరు విప్పింది. పత్తి మూటలు మోసే మారయ్య చూడొచ్చాడు. అతను గుమ్మంలో విడిచినవి తాను మొగుడికి కొన్న చెప్పులేనని గుర్తుపట్టి కాశీబాయి చేతిలోకి తీసుకుంది.

"నేనొద్దన్న బాయీ! అయ్యనే బలిమికి తొడిగిండు," అన్నాడు మారయ్య.

అప్పుడు తట్టింది ఆమెకు. మరిచేటోడైతే, ఇన్నేండ్లల ఒక్కపారన్న మంచి జత ఇంటికి రావాలె గద!

మారయ్య పోగానే మొగుడి మీదికి లేచింది. "కాలు పోతుండె! ఆ మొల చెప్పు మీరెందుకేసుకోవాలె?"

"ఆనికైతే నొప్పి తెలుస్తది గదనే, నాకు తెల్వది," అన్నాడు నర్సన్న.