ఫ్యాను వంతు, ఇన్సులిన్ సూది

2003 వేసవి. హిందూపురంలో నేను సిస్టరుగా చేస్తున్న ఆసుపత్రికి కంప్యూటర్ వచ్చింది. ఎండకు చెడిపోతుందని దాని గదికి ఏసీ పెట్టారు. మగవాళ్ళ వార్డులో మాత్రం నాలుగు ఫ్యాన్లలో ఒక్కటే తిరిగేది. నన్ను ఆ వార్డుకు, పగటి డ్యూటీకి మార్చింది ఆ వారమే.

కంప్యూటర్ పని హౌస్ సర్జన్లది. అంటే చదువు ముగించి, ఏడాది పాటు ఆసుపత్రిలో పని నేర్చుకునే డాక్టర్లు. మధ్యాహ్నం రోగుల వివరాలు మంచం నంబరు కింద ఎక్కించేవాళ్ళు. మరునాడు పొద్దున ఆ ప్రింటు పట్టుకుని మందులిచ్చేవాళ్ళు.

కొన్నాళ్ళకే అంతా అయోమయమైంది. నాలుగో మంచానికి మొన్న లేని షుగర్ నిన్న ఆకాశానికెక్కింది. ఆరో మంచం మీద చేయి విరిగినాయనకు తెల్లారేసరికి చేయి అతుక్కుని దగ్గు పట్టుకుంది. వైరస్ అన్నారొకరు. ఇంకొకాయన మానిటరుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడు. నమ్మకపోతే మీ ఇష్టం, దారం ఇచ్చింది నేనే.

ఆ పొద్దున స్వాతి అనే హౌస్ సర్జన్ ఇన్సులిన్ సూదితో నాలుగో మంచం దగ్గరికొచ్చింది. ట్రే పట్టుకుని వెనక నేను. మంచం మీద నారాయణప్ప, ధర్మవరంలో పట్టుచీరలు నేసే మనిషి.

“జొరానికి వచ్చినోన్ని. ఈ సూదెందుకు మేడం?”

“మీకు షుగర్ ఎక్కువుంది. కంప్యూటర్లో ఉంది.”

“మా నాయనకు గూడా లేదే. సరే, అంత పెద్ద మిషనే చెప్పినాక నేనెవర్ని. వేసేయండి.”

చొక్కా చేయి పైకి మడిచాడు. నిన్నటి నుంచి అతను ముద్ద ముట్టలేదు. షుగర్ లేని మనిషికి, అదీ ఖాళీ కడుపున, ఇన్సులిన్ పడితే ప్రాణం మీదికొస్తుంది. స్వాతి కాగితం చూసింది, అతని మొహం చూసింది, మళ్ళీ కాగితం చూసింది.

“నిన్న ఈ మంచం మీద తెల్ల మీసాలాయన ఉన్నారు కదా?”

“తలుపుల ఊరి హనుమంతప్పా? అదో, ఆడ ఫ్యాను కింద పండుకోనుండాడు. ఈ పొద్దు ఆయప్ప వంతు. రేపు నాది.”

“వంతేంటి?”

“ఉండేది ఒగ ఫ్యానే గదా మేడం. దినామూ సాయంత్రం అందరమూ ఒగొగ మంచం జరుగుతాం. కొట్లాడుకుంటే బాగుంటాదా?”

ఫ్యాను కింది నుంచి హనుమంతప్ప తల ఎత్తాడు. “నా సూది ఆయప్పకేల వేస్తాండావమ్మా? నేను ఈడుండా.”

స్వాతి సూదిని ట్రేలో పెట్టేసింది. నేరుగా సూపరింటెండెంట్ గదికి పోయింది. సాయంత్రానికి ఎలక్ట్రీషియన్ నిచ్చెనతో దిగాడు. ఫ్యాన్లన్నీ తిరిగాక ఎవరి మంచాల మీద వాళ్ళు నిలిచారు, ఎవరి షుగర్ వాళ్ళకు చేరింది.

కంప్యూటర్ మంచం సంగతి చెబితే, మనిషి సంగతి చెప్పిందనుకున్నాం. అప్పటి నుంచి ఎంత ఎరిగినవాళ్ళయినా పేరు అడగందే నేను సూది ఎత్తను. మా ఆయనకు టైఫాయిడ్ వచ్చినప్పుడూ అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి చెప్పాడు.