ఎసొంటిది? ఎట్ల?

మా ఇంగ్లీషు సారుకు ఆ రెండు ప్రశ్నలుంటే చాలు. బస్సు ఎసొంటిదిరా అంటే పాతదని చెప్పాలె, అది అడ్జెక్టివ్. ఎట్ల వొచ్చింది అంటే మెల్లగ అనాలె, అది అడ్వర్బ్. పొద్దున కామారెడ్డిల బస్సెక్కి ఎల్లారెడ్డిల మా బడికి చేరేదాక ఆయన కండ్లబడ్డదంత మాకు పాఠమే. ప్రశ్న అడిగి, సుద్దముక్క చెవిమీద పెట్టుకొని, జవాబు కోసం ఆగేటోడు. "కండ్లతోని చూసిందే చెప్పుండ్రి, పుస్తకంల ఉన్నది నాకొద్దు" అనేటోడు.

నేను తొమ్మిదో తరగతిల ఉన్నప్పుడు తనిఖీకి ఒక ఆఫీసర్ వచ్చి, మా ముందటనే సారును ఇంగ్లీషుల ఏందో అడిగిండు. ఉర్దూ మీడియంల చదువుకున్న మా సారు "యెస్ సర్, యెస్ సర్" అనుకుంట, చెవిమీది సుద్దముక్క తీసి వేళ్ల నడుమ పొడిపొడి చేసిండు. ఆఫీసర్ నవ్వుకుంట పోయిండు. మేమందరం సిగ్గుతోని తలకాయలు దించుకున్నం.

తెల్లారి సారు వచ్చుడుతోనే అడిగిండు.

"నిన్న మీ సారు ఎట్ల మాట్లాడిండు?"

ఆయన వేలు నా దిక్కు తిరిగింది. నేను లేచి, ఆయన మొఖం చూడలేక, బల్లను చూసుకుంట చెప్పిన.

"ధైర్యంగ మాట్లాడిండ్రు సార్. బోల్డ్‌లీ."

సారు చెవిమీది సుద్దముక్క తీసుకున్నడు.

"అడ్వర్బే. కరెక్టే, కూసో" అన్నడు.

బోర్డు దిక్కు తిరిగినోడు, గంట కొట్టేదాక మళ్ల మా దిక్కు తిరుగలే.