రెండున్నర కిలోల బెల్లం

మా దవాఖాన పేరు చెప్పను. కోదాడకు దగ్గర్లో, హైవే పక్కన ఉంటుందని మాత్రం చెబుతాను. ఎందుకంటే ఈ కథలో ఒక తప్పు ఉంది, అది నాది. నేనక్కడ రక్తపరీక్షలు చేసే టెక్నీషియన్ని. కృష్ణమ్మ ఆయా. చిలుకూరు మనిషి. భర్త పోయాక 2001లో పనిలో చేరింది. ఆమె నోటికి జడిసి డాక్టర్లు కూడా తడి గచ్చు మీద చెప్పులతో నడిచేవారు కాదు.

2003లో మా దగ్గర గర్భిణులకు హెచ్ఐవీ పరీక్ష మొదలైంది. తల్లికి ఉన్నట్టు తేలితే, నొప్పులు మొదలవగానే ఆమె ఒక మాత్ర మింగాలి. పుట్టిన మూడు రోజుల్లోపు బిడ్డకు చుక్కల మందు పడాలి. ఆ రోజుల్లో ఉన్న వైద్యం అంతే. అంతమాత్రానికే బిడ్డకు సోకే ప్రమాదం దాదాపు సగం తగ్గేది. కౌన్సెలర్ విజయ మేడమ్, నేను కలిసి రిజిస్టరు తయారుచేశాం. పేరు, వయసు, భర్త పేరు, ఊరు అని స్కేలు పెట్టి గీతలు గీసింది నేనే. ఎంత ముచ్చటగా గీశానో!

మొదటి ఏడాది మందు పట్టుకుని ఏ ఇంటికి వెళ్లినా గర్భిణి లేదు. అత్తలు తలుపు తీసి "లేదు" అనేవారు, మేం తిరిగొచ్చేవాళ్లం. ముగ్గురు మాకు అందకుండానే కనేశారు. నెలలు నిండే వేళకు ఈ ఆడపిల్లలంతా ఎటు పోతున్నారని నేనూ మేడమూ తలలు పట్టుకుని కూర్చుంటే, గది తుడుస్తున్న కృష్ణమ్మ నడుం ఎత్తి నిలబడింది.

"ఎవలన్నా తొలి కాన్పు అత్తగారింట్ల జేస్తరా సారు? నిన్ను మీ అమ్మ ఏడ గన్నది?"

వేములపల్లిలో, మా అమ్మమ్మగారింట్లో. అంత చదివినవాణ్ని, నాకది తట్టలేదు. ఆ పూటే రిజిస్టరులో 'పుట్టిల్లు' అని ఇంకో గడి గీశాను. అది నింపే పని కృష్ణమ్మదే అయింది. ఆమెకు రాయడం రాదు. గర్భిణి పక్కన కూర్చుని అమ్మగారి ఊరు, బస్సు దిగాక ఎటు నడవాలి, ఇంటి ముందు ఏముంటుంది, అన్నీ అడిగి నాకు చెప్పేది. మిర్యాలగూడ రైసుమిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ల పుట్టిళ్ల దాకా ఆమెకు నోటికి వచ్చేవి. మందెంత ముఖ్యమో, సంగతి బయటికి పొక్కకపోవడమూ అంతే ముఖ్యమని మేడమ్ ఆమెకు మొదటిరోజే చెప్పింది. అంత నోరున్న మనిషి అది ఎట్లా దాస్తుందోనని నాకు అనుమానంగానే ఉండేది.

2005 చలికాలంలో పూర్ణిమ వచ్చింది. ఇది ఆమె అసలు పేరు కాదు. భర్త లారీ డ్రైవరు. ఇద్దరికీ ఉందని తేలింది. ఇరవై ఏళ్ల పిల్ల, తన గురించి ఒక్క మాట అడగలేదు. బిడ్డకు రాకుండా ఉంటే చాలంది. "మా అమ్మకు మాత్రం తెల్వద్దు మేడమ్, తెలిస్తే నేను బతుకను" అంది. మాత్ర ఇవ్వాల్సిన వారం రాకముందే తల్లి వచ్చి ఆమెను తిరుమలగిరికి తీసుకుపోయింది.

విషయం తెలియగానే డాక్టరుగారు మాత్ర కృష్ణమ్మ చేతిలో పెట్టి పంపారు. ఉత్త చేతులతో పోతే ఎవరని అడుగుతారని ఆమె అరిసెలు, సకినాలు మూటగట్టుకుంది. అత్తగారి ఊళ్లో పక్కింటామెను, కడుపుతో ఉన్న పిల్లకు సూడిద తెచ్చానని చెప్పాలని ఆమె ఉపాయం. తీరా పోయేసరికి పిల్ల ముందురోజు పొద్దున్నే ఇంట్లోనే కనేసింది. ఆడపిల్ల. మాత్రకు వేళ దాటిపోయింది. ఇక మిగిలింది చుక్కల మందు. అది ఆమె దగ్గర లేదు, గడువు ఇంకో రెండు రోజులు.

పూర్ణిమ తల్లి రేణుకమ్మ గడపలోనే కూర్చుంది. బిడ్డను ఒకసారి సూర్యాపేట దవాఖానలో చూపిద్దామని కృష్ణమ్మ అనగానే మండిపడింది.

"పురుడు గాకముందే పచ్చి బాలింతను బస్సెక్కిస్తవా చెల్లె? ఏమైంది దానికి, పాలు తాగుతలేదా, ఏడుస్తలేదా?"

ఏం చెబుతుంది? నిజం చెప్పకూడదు, అబద్ధం చెబితే నిలవదు. ఎస్టీడీ బూత్ నుంచి నాకు ఫోన్ చేసింది. మందు నేనే సూర్యాపేట బస్టాండుకు తెస్తానన్నాను. పక్కనున్న డాక్టరుగారు బిడ్డ బరువు తెలియాలన్నారు, మోతాదు బరువును బట్టే.

తిరిగిపోయి బిడ్డను తూకం వేద్దామంటే రేణుకమ్మ కొంగు అడ్డం పెట్టింది. పసిగుడ్డును తూస్తే దిష్టి తగులుతుందట. అక్కడ నేనుంటే పెద్ద ఉపన్యాసం ఇచ్చి, తన్నించుకుని వచ్చేవాణ్ని. కృష్ణమ్మ అరుగు మీద చతికిలబడి, సావకాశంగా అడిగింది.

"అక్కా, రెండు నెలల్ల మేడారం జాతర గద. మనవరాలి పేరు మీద తల్లులకు బంగారం మొక్కినవా?"

మా వైపు సమ్మక్క సారలమ్మలకు బెల్లాన్నే బంగారం అంటారు. మనిషి ఎంత బరువుంటే అంత బెల్లం తూచి మొక్కు చెల్లిస్తారు. ఆ తూకానికి దిష్టి లేదు. రేణుకమ్మ మొహం విప్పారింది. తనే పోయి కిరాణం కొట్టు నుంచి త్రాసు, బెల్లం తెచ్చింది. ఒక తట్టలో పాత చీర పరిచి బిడ్డను పడుకోబెట్టి, రెండోదాంట్లో బెల్లం ముద్దలు పేర్చింది. తర్వాత ఆ బెల్లాన్ని రాళ్లు పెట్టి తూచింది. రెండున్నర కిలోలు. "నా మొక్కు గూడ ఇందులనే ఉంది అక్కా" అంది కృష్ణమ్మ. అది అబద్ధం కాదు. ఆమె ఆ తల్లులను నమ్మే మనిషి.

మళ్లీ ఫోన్. రెండున్నర కిలోలకు అర మిల్లీలీటరు. నేను మందు, సూదిలేని సిరంజి తీసుకుని బస్సెక్కాను. మధ్యాహ్నం మూడింటికి సూర్యాపేట బస్టాండులో కృష్ణమ్మ నా చేతిలోంచి సంచి లాక్కుని, "ఇంతసేపా సారు?" అని తిట్టి తిరుమలగిరి బస్సెక్కింది. పొద్దుగూకే వేళ, రేణుకమ్మ బాలింతకు నీళ్లు కాచడానికి పెరట్లోకి పోగానే సిరంజి పూర్ణిమకిచ్చింది.

"నాకు భయమైతాంది అత్తా, నువ్వే పొయ్యి."

"నేనెందుకు? బిడ్డ నీది. నీ చేతితోనే పొయ్యాలె. పాలు ఆరు నెలలు నీవే, ఇంకేం పెట్టనియ్యకు. మీ అమ్మ పిల్లకు తేనె నాకిస్తనంటే నా పేరు చెప్పి కొట్లాడు."

పూర్ణిమ ఒక్క చుక్క ఒలకకుండా పోసింది.

బిడ్డకు నమ్మకంగా చెప్పగల పరీక్ష పద్దెనిమిది నెలలకు. ఆ పద్దెనిమిది నెలలూ కృష్ణమ్మ నన్ను రోజూ అడగలేదు గానీ, ప్రతి నెలా అడిగింది. 2007 ఎండాకాలంలో పూర్ణిమ, రేణుకమ్మ పాపను తీసుకొచ్చారు. అమ్మమ్మ టీకా కోసమనుకుని వరండాలో కూర్చుంది. లోపల నేను రక్తం తీసి పరీక్ష పెట్టాను. ఒకటే గీత వచ్చింది. రెండోది రాలేదు. ఇంకో పద్ధతిలో మళ్లీ చేశాను. రాలేదు. పాపకు లేదు.

విజయ మేడమ్ ఆ మాట చెప్పగానే పూర్ణిమ పాపను గట్టిగా పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. రేణుకమ్మ తలుపులోంచి తొంగిచూసి, "సూది పిల్లకేస్తే తల్లి ఏడుస్తదేంది?" అని నవ్వింది. కృష్ణమ్మ బయటికి నడిచి, కాసేపటికి పెద్ద జిలేబీ పొట్లంతో వచ్చింది. స్వీపర్ దగ్గర్నుంచి సూపరింటెండెంటు దాకా పంచిపెట్టింది. ఏంటి విశేషమని అందరూ అడిగారు.

"మా తమ్ముని గొర్రె ఈనింది. ఆడపిల్ల" అంది.

గొర్రె ఈనితే జిలేబీలు పంచడమేంటని దవాఖానంతా పడీపడీ నవ్వింది. ఆమె ఎవరి నవ్వునూ పట్టించుకోకుండా తలెత్తుకుని తిరిగింది.

ఆ తర్వాత ఏ బిడ్డకు లేదని తేలినా జిలేబీలే, తమ్ముని గొర్రె ఈనిందన్న మాటే. మూడుసార్లు మాత్రం పంచలేదు. ఆ రోజుల్లో తుడిచిన గచ్చే మళ్లీ తుడిచేది. తర్వాతి కాలంలో మందులు మెరుగయ్యాయి, తల్లులకు రోజూ వేసుకునే మాత్రలు వచ్చాయి, మంద ఇంకా పెరిగింది. 2014లో ఆమె రిటైరయిన రోజున కొత్తగా వచ్చిన డాక్టరు దండ వేసి, "కృష్ణమ్మా, మీ తమ్ముడికి ఎన్ని గొర్రెలున్నాయేంటి?" అని వేళాకోళమాడారు.

"అరవై రెండు సారు. అన్నీ మంచిగున్నయి" అంది ఆమె, గొంతు గట్టిగా పెట్టి.

అందరూ నవ్వారు. నాకు కళ్లు తడిశాయి. ఆ అరవై ఇద్దరిలో ఒక్కరి పేరు, ఒక్కరి ఊరు పదకొండేళ్లలో ఆమె నోట జారలేదు. ఆమెతో కలిసి పనిచేశానని నేను ఎక్కడైనా గర్వంగా చెప్పుకుంటాను. అన్నట్టు, కృష్ణమ్మకు తమ్ముడు లేడు.