బోణీ అయ్యాక రావలసిన మనిషి

కోటిలింగం గారిది జాలిగుండె. వన్ టౌన్‌లో ఎవరినడిగినా ఆ మాటే చెబుతారు. వాళ్లకు ఆ సంగతి చెప్పింది ఆయనే.

ఆయనకు వరసకు అన్న కూతురు రాజ్యశ్రీ. చిన్నప్పుడు స్టవ్ పేలి ఆమె ముఖం ఒక పక్కంతా కాలిపోయింది. పెదవి చివర పైకి లాగేసి ఉంటుంది. అలాంటి మనిషికి ఎవరు పనిస్తారు? కోటిలింగం గారు ఇచ్చారు. తన చీరల కొట్లోనే, తెర వెనక గోడౌన్‌లో. షరతు ఒక్కటే. బోణీ అయ్యేదాకా ఆమె లోపల అడుగు పెట్టకూడదు. మొదటి బేరానికి వచ్చినవాళ్లు పొద్దున్నే ఆ ముఖం చూడటం కొట్టుకు మంచిది కాదని ఆయన నమ్మకం. అందుకని రోజూ ఆమె వెనక సందులో నిలబడేది. బోణీ కాగానే ఆయన తలుపు తీసి, "ఊఁ, రామ్మా" అని ఎంతో ప్రేమగా పిలిచేవారు.

ఫోన్ బేరాలన్నీ ఆమెవే. "పెళ్లిలో మీరెంతసేపు నిలబడాలండీ?" అని అడిగి, దాన్నిబట్టి చీర బరువు నిర్ణయించేది. ఆమెను ఎన్నడూ చూడనివాళ్లు ఇంట్లో గొడవలు కూడా ఆమెతో చెప్పుకునేవారు.

శ్రావణ మాసంలో ఒక పొద్దున, షట్టరు ఎత్తీ ఎత్తగానే భవానీపురం నుంచి శాంతకుమారి గారు వచ్చారు. రిటైరైన టీచరు. రెండేళ్లుగా ఫోన్ మీదే చీరలు తెప్పించుకుంటున్నారు. ఇప్పుడు మనవరాలి పెళ్లి.

"రాజ్యశ్రీ గారిని పిలవండి. ఆవిడ చూపిస్తేనే తీసుకుంటాను."

ఇంకా బోణీ కాలేదు. కోటిలింగం గారు కౌంటరు దగ్గరి మాధురిని ముందుకు నెట్టారు. "ఈ అమ్మాయేనండీ."

"అయితే చెప్పమ్మా, కన్యాదానానికి మా కోడలు రెండు గంటలు పీటల మీద కూర్చోవాలి. ఏది కట్టుకోమంటావు?"

"ఏది కట్టినా అదిరిపోద్ది మేడమ్."

ఒకరి హాజరు ఇంకొకరు పలకడం శాంతకుమారి గారు ముప్పై ఏళ్లు విన్నారు. ఫోన్ తీసి నొక్కారు. వెనక సందులో మోగింది.

"చెప్పండి టీచర్ గారూ!" ఆ గొంతు ఫోన్లోంచీ, గోడ అవతల నుంచీ ఒకేసారి వినిపించింది.

ఆవిడ గోడౌన్ దాటి వెనక తలుపు తీశారు. రాజ్యశ్రీని చూసి అరడుగు వెనక్కి వేశారు కూడా. వెయ్యలేదంటే అబద్ధం. తర్వాత గొంతు సవరించుకుని, "ఇక్కడ నిలబడ్డావేంటమ్మా?" అన్నారు.

"బోణీ ఇంకా అవలేదండీ."

శాంతకుమారి గారు వెనకే వచ్చిన కోటిలింగం గారి వైపు తిరిగారు. ఆయన తన చెప్పులు చూసుకుంటున్నారు.

"అయితే ఇక్కడే చేస్తాను" అని ఆవిడ సందులోని తోపుడు బండి మీద కూర్చుని, చీరలు అక్కడికే తెప్పించుకున్నారు. పదకొండు తీసుకున్నారు.

అంత బోణీ తన తండ్రి హయాంలో కూడా కాలేదని మధ్యాహ్నానికి కోటిలింగం గారికి తట్టింది. అంటే ఆ ముఖం అరిష్టం కాదన్నమాట, అదృష్టం.

"రేపట్నుంచి బోణీ నీ చేత్తోనే తల్లీ. ముందు కూర్చో. అది కాగానే లోపలికి వెళ్లిపోదువుగాని."

"మళ్లీ లోపలికెందుకు బాబాయ్ గారూ?"

"పిచ్చిదానా, జనం దడుచుకోరూ?"

తన ఔదార్యానికి ఆయన కళ్లే చెమర్చాయి.

మర్నాడు రాజ్యశ్రీ ముందు తలుపు నుంచే వచ్చి చీరలు పరిచే పరుపు మీద కూర్చుంది. బోణీ అయింది. ఆయన దగ్గారు. ఆమె ఇంకో చీర మడత విప్పింది.

"రాజ్యశ్రీ, లోపల పనుందమ్మా."

"మాధురిని పంపండి బాబాయ్ గారూ. ఈవిడకి అంచు చూపిస్తున్నా."

జనం ముందు లెమ్మంటే బాగుండదు. ఒక చంటిది ఆమెను చూసి ఏడ్చింది. తల్లి దాని చేతిలో బిస్కెట్ పెట్టి, ధర తగ్గించమని బేరం సాగించింది.

కోటిలింగం గారు తెర వెనక్కి పోయి, చీరల బేలు మీద కూలబడి, భార్య సీతారావమ్మకు ఫోన్ చేశారు.

"రాక్షసి! దానికి ఎంత చేశాను నేను!"

"ఏం చేసిందండీ?"

"కూర్చుంది."

"ఎక్కడ?"

"ముందు!"

"బోణీ అయిందా?"

"మూడు బేరాలయ్యాయి."

"మరి మీరెక్కడున్నారు?"

ఆయన చుట్టూ చూసుకున్నారు.

"గోడౌన్లో" అన్నారు, గొంతు తగ్గించి.