కల్లం వాగు ఇవతల పెట్టాలి

ఖమ్మంలో ఒక కూలి సంఘం ఆఫీసు ఊడ్చే పని నాది. మొగుడు పోయిన మరుసటేడు కుదిరాను. వెనక గదిలో రెండు ఇనుప బీరువాల నిండా ఆ సంఘం వెనకట నడిపిన వారపత్రిక కట్టలున్నాయి. ఎనిమిదేళ్ళు వాటి దుమ్ము దులిపాను. మా అమ్మ చావు ఆ కట్టల్లోనే ఉందని నాకు తట్టలేదు. తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. మిగతా మంట ఎవరి మీదో చెబుతాను. నాకు కూడబలుక్కుని చదవడమే వచ్చు కాబట్టి నేను చెబుతున్నాను, రాసే చెయ్యి వేరేది.

నాకు ఏడేళ్ళప్పుడు, భద్రాచలం అడవి అంచున మా ఊళ్ళో, ఒక్క ఎండాకాలంలో ముగ్గురు ఆడవాళ్ళను చంపేశారు. ముగ్గురూ బీడీలు చుట్టే తునికాకు కోసే కూలీలే. మూడో మనిషి మా అమ్మ. వాగులో దొరికింది. చంపిందెవరో తేలలేదు. నడవడి సరిగా లేని ఆడవాళ్ళు అని పట్నం పేపరు రాసిందట. చదువు రాని మా ఊరికి ఆ ఒక్క మాట మాత్రం ఎలా చేరిందో చేరింది. పెళ్ళయి ఇల్లందు పక్క ఊరికి పోతే అక్కడికీ నాకంటే ముందే పోయి కూర్చుంది. కూర మాడినా సరే మా అత్త, "వాగుల పడి సచ్చినదాని బిడ్డవు, నీకేమొస్తది" అనేది. మొగుడు తాగితే అదే మాట. తాగకపోయినా అదే మాట. ఆయన పోయిన రోజు నేను ఏడవలేదని అందరూ ఆడిపోసుకున్నారు. రాని ఏడుపు ఎక్కడి నుంచి తేను?

రెండు వేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్ళకు, హైదరాబాదు యూనివర్సిటీ నుంచి ఒక పిల్ల ఆ బీరువాలు చూడడానికి వచ్చింది. ఆమె పని వింతగా ఉండేది. నూరేళ్ళ పైమాటే, లండన్‌లో పేద ఆడవాళ్ళను ఒకడు వరసగా కోసి చంపాడట, దొరకలేదట. ఆ పేటలోనే బట్టలు కుట్టుకు బతికే యూదులు ఉండేవాళ్ళు, వేరే దేశం నుంచి వచ్చి పడ్డవాళ్ళు. వాళ్ళలోని ఎర్రజెండా మనుషులు తమ భాషలో ఒక పత్రిక వేసుకునేవాళ్ళు. చంపింది యూదుడే అయి ఉంటాడని జనం వేలు చూపిస్తుంటే ఆ పత్రిక ఏం రాసిందో చదవడానికి ఈ పిల్ల ఆ భాష కూడా నేర్చుకుంది. అలాంటి హత్యల గురించి మన కూలి పత్రిక ఏం రాసిందో కూడా వెతికి, ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తుందట.

"తునికాకు కూలీలు ముగ్గురిని చంపిండ్రంట గద పెద్దమ్మా, మీకేమన్న ఎరుకేనా?" అని అడిగింది.

చీపురు కింద పెట్టాను. "మూడో ఆమె మా అమ్మ."

ఆ రోజు నుంచి ఇద్దరం నేల మీద కూర్చుని కట్టలు విప్పాము. ఆమె చదివేది, నేను వినేదాన్ని. హత్యల తర్వాతి సంచికలన్నీ తీసింది. వెదురు నరకడానికి పై రాష్ట్రం నుంచి వచ్చిన నలుగురు కూలీలను పోలీసులు పట్టుకుపోయి కొట్టారు. వాళ్ళు చేయలేదని పత్రిక వారం వారం అరిచింది. ఎవరి పేరేమిటో, ఎవరికి ఎందరు పిల్లలో, ఎవరికి ఏ ఎముక విరిగిందో, అంతా ఉంది. న్యాయమే. వాళ్ళు చేయలేదు.

"మరి మా అమ్మ?"

"మూడో హతురాలు అని ఉన్నది."

"పేరు?"

"లేదు పెద్దమ్మా."

"ఇంకోసారి చూడు."

చూసింది. లేదు. "లండన్‌ల గూడ నేను చూసిన కాడికి గిట్లనే ఉన్నది. ఆళ్ళకు ఆళ్ళ మీద పడ్డ నిందనే పెద్దదైంది. భయం గద" అంది.

"భయం మొగోళ్ళకేనా? ఇయన్ని సచ్చినంకటియి బిడ్డా. సచ్చినంక మా అమ్మ ఏం మాట్లాడుతది? బతికున్నప్పటియి తియ్యి."

ఆ పిల్ల నా ముఖం చూసి, వెనకటి కట్ట విప్పింది.

మొదటి హత్యకు మూడు వారాల ముందు సంచికలో, చివరి పేజీ అడుగున ఉంది. తునికాకు కూలి ఆడవాళ్ళ విన్నపం. కోసిన ఆకు లెక్క చూసి ఎండబెట్టే కల్లాన్ని, లారీ వస్తుందని కంట్రాక్టరు వాగు అవతల పెట్టాడు. పొద్దుగూకాక ఆకు మోపులతో వాగు దాటలేకపోతున్నాం, మగవాళ్ళు వెంటపడుతున్నారు, కల్లం వాగు ఇవతల పెట్టాలి అని అడిగారు. కింద పదకొండు పేర్లు, ప్రతి పేరు పక్కన 'వేలిముద్ర' అన్న మాట ఉన్నాయి. చచ్చిన ముగ్గురి పేర్లూ ఆ పదకొండులో ఉన్నాయి. మా అమ్మ పేరు ఆ పిల్ల చదవక ముందే నేను చదివాను. అక్షరాస్యత బడిలో నా పేరు తర్వాత నేను పట్టుబట్టి నేర్చుకున్న పేరు అదొక్కటే.

సాయంత్రం పత్రిక పెద్దాయన టీకి వచ్చాడు. అప్పట్లో ఆ పత్రిక నడిపింది ఆయనే. కాగితం ఆయన ముందు పెట్టాను.

"అన్నా, గిది ఎవరచ్చేసిండ్రు?"

కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు. "మనదే గదమ్మా! నేనే వేసిన. ఏడ దొరికింది?" అని మురిసిపోయాడు.

"గీ పేరు ఎవరిది?"

"ఎవరో ఆకు కూలి."

"మా అమ్మ. పేరు మీ దగ్గరనే ఉండె. సచ్చినంక మూడో హతురాలు ఎట్లయింది?"

ఆయన కప్పు కింద పెట్టాడు. "అప్పటి సంగతి నీకు తెల్వదు. మన మనుషుల ఎముకలు ఇరుగుతున్నయి. ఆ ఆడోళ్ళ మీద పేపర్లన్ని గలీజు రాస్తున్నయి. ఆ గొడవల దిగితే కేసు పాడైతదనుకున్నం."

"గలీజ్ ఏందన్నా? పొద్దంత ఆకు కోసి, నెత్తిన పెట్టుకొని కల్లానికి పోయింది. గందుల గలీజ్ ఏమున్నది? గీ కాయితం ఒక్కటి మళ్ళ అచ్చేస్తే ఊరు నోరు మూసుకునేది. నా మొగుడు మూసుకునేటోడు. మీరు బీరువాల పెట్టి తాళమేసిండ్రు. ఆ తాళంచెవి నా బొడ్లనే పెడితిరి, ఊడ్వనీకి."

కళ్ళద్దాలు తీసి, "ఇప్పుడేం జెయ్యమంటవ్?" అన్నాడు.

"రాయి."

సంఘం ఏటా వేసే పండుగ సంచిక రాబోతోంది. దానికి రాసి చదివి వినిపించాడు. 'ఒక కూలి మహిళ' అని మొదలుపెట్టాడు, ఇంత అయ్యాక కూడా! కలం గుంజుకుని 'ఒక' కొట్టేసి, దాని పైన అమ్మ పేరు నేనే రాశాను. మిగతా ఇద్దరి పేర్లూ ఆయన చేత రాయించాను. చంపినవాడెవడో నాకిప్పటికీ తెలియదు. కల్లం ఇవతలికి తేని కంట్రాక్టరు మాత్రం తెలుసు, తెమ్మని ఒక్కసారి అచ్చేసి మరిచినవాళ్ళూ తెలుసు. ఇద్దరి సంగతీ అందులో ఉండాలన్నాను. రాశాడు.

మొదటి పేజీ అడిగాను, ఇవ్వలేదు. నాయకుల ఫోటోల వెనక, లోపలి పేజీలో వేశారు. అది పట్టుకుని ఇల్లందు బస్సెక్కాను. మా అత్త ఇంకా ఉంది, ఆడబిడ్డ ఇంట్లో. వాకిట్లో నలుగురు చేరారు.

"ఇన్నేండ్లకు గిదంత ఎందుకు వదినా" అంది ఆడబిడ్డ.

"ఇన్నేండ్లు అన్నరు కాబట్టి. కూసో."

మా అత్త మంచానికి ఎదురుగా నిలబడి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. చాలాసేపు పట్టింది. ఒక్కరినీ లేవనివ్వలేదు.