రుచి చూసిన నీళ్లు

మా పెద్దమ్మ పోయిందన్న కబురు మిరపకాయల బండి మీద వచ్చింది. గరిడేపల్లి దగ్గరి మా ఊరి నుంచి సూర్యాపేటకు బండి తోలుకొచ్చిన మనిషి, నేను పాఠాలు చెప్పే బడి ముందు ఎడ్లను నిలిపి, తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. "మీ పెద్దమ్మ మిర్యాలగూడ దవాఖానల పానం ఇడిసింది పంతులూ. సలిజరం. జర జల్దిన పోండ్రి" అన్నాడు. లోపల పిల్లలు కృష్ణానది ఎక్కడ పుట్టిందీ, ఏ ఊళ్ల మీదుగా పోతుందీ గట్టిగా వల్లిస్తున్నారు. "హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది" అన్న ముక్క చెవిన పడింది. ఆ మాట నేను ఏ పుస్తకంలోనూ చదవక ముందే పెద్దమ్మ దగ్గర విన్నాను.

ఆమె మా పెదనాయన భార్య. పుట్టింది కృష్ణా జిల్లా దివిసీమలో, సముద్రం హోరు వినబడే ఊళ్లో. అంత దూరపు పిల్ల నైజాం ఇలాకాకు ఎట్లా వచ్చిందని అడిగితే, మునగాల చలవ అనేది. చుట్టూ నైజాం రాజ్యమే ఉన్నా మునగాల పరగణా ఇంగ్లీషు వాళ్ల కృష్ణా జిల్లా లెక్కలో ఉండేది. అక్కడి చుట్టాలు ఇటూ అటూ మాట కలిపి సంబంధం కుదిర్చారు. ప్రభువులు గీసిన హద్దుల్ని మన చుట్టాలు ఎప్పుడు పట్టించుకున్నారు గనుక! పట్టించుకోవలసి వచ్చింది పెద్దమ్మే. పురుళ్లూ, పంటలూ, దారి ఖర్చులూ అడ్డం పడి, ఆమె పుట్టింటికి పోయిన ఏళ్ల కంటే పోని ఏళ్లే ఎక్కువ.

ముప్పై ఏళ్లు మా ఇంట్లో ఉన్నా ఆమె మాట సగమే మారింది. బుజ్జగించేటప్పుడు మాలాగే "ఏంది బిడ్డా" అనేది. కోపమొస్తే మాత్రం దివిసీమ యాస దిగేది. అందుకే పిల్లలం ఆమె నోట "ఏంట్రా" అని వినబడగానే గోడ దూకేవాళ్లం.

ఆమెకొక వింత అలవాటు ఉండేది. కార్తీకం వస్తే చాలు, విత్తనాలూ, ఉప్పు కుండా, దుప్పట్లూ, అగ్గిపెట్టెలూ మూటలు కట్టి అటక మీదికి ఎక్కించేది. వాళ్ల నాయనమ్మ బందరు ఉప్పెనలో తాటిచెట్టుకు చీరతో కట్టేసుకుని బతికి బయటపడిందట. ఆ ఇంటి ఆడవాళ్లకు అప్పటి నుంచీ కార్తీకమంటే భయం. ఆ భయాన్ని కాపురానికి వస్తూ పెద్దమ్మ మా ఊరికి తెచ్చింది. చెరువు నిండితే పండుగ చేసుకునే ఊరికి!

"ఏందే, గీడ కప్పలకే నీళ్లు లేవు. ఉప్పెన ఏడికెల్లి వస్తది?" అని పెదనాయన నవ్వేవాడు.

"చెప్పొస్తుందా ఏంటయ్యా ఉప్పెన?" అని ఆమె నిచ్చెన దిగేది కాదు.

నైజాం రాజ్యం చివరి గడబిడ రోజుల్లో ఒక ఎండాకాలం, పక్క ఊళ్లో ఇళ్లు తగలబడుతున్న పొగ మాకు కనబడింది. జనం ఎక్కడి వాళ్లక్కడ కాళ్లకు బుద్ధి చెప్పారు. ఏం తీసుకోవాలో, ఏం వదలాలో తెలియక ఇంటింటా ఏడుపులు. మా ఇంట్లో మాత్రం అటక మీది మూటలు దించితే సరిపోయింది. "ఉప్పెన రాదన్నావుగా" అంది పెద్దమ్మ బండెక్కుతూ. పెదనాయన ఎడ్లను అదిలించాడు.

బడి మూతపడి ఊళ్లోనే ఉన్న నేనూ వాళ్ల వెంట నడిచాను. కోదాడ దాకా డొంకల్లో నడిచి, నైజాం హద్దు దాటి జగ్గయ్యపేట చేరాక ఊపిరి పీల్చుకుని, బెజవాడ దాటి దివిసీమకు పోయాం. ఆమె పుట్టిల్లు ఇంకా కొంచెం దూరం ఉందనగా, సరుగుడు తోట దాటేసరికి ఎదురుగా సముద్రం. పెద్దమ్మ బండి దిగి ఎవరితోనూ మాట్లాడకుండా పోయి, మోకాలి లోతులో కళ్లు మూసుకుని నిలబడింది. అంత సంతోషంగా ఉన్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

ఇటు పెదనాయన కాడి విప్పాడు. ఎండిన చెరువులు చూసీ చూసీ ఉన్న మనిషి. ఎడ్లు దాహంతో నురగలు కక్కుతున్నాయి. కళ్ల ముందు అన్ని నీళ్లు. ఎడ్లను నేరుగా అలల్లోకి తోలుకుపోయి, "తాగుండ్రి కొడుకా, తాగుండ్రి" అన్నాడు. ఎడ్లు మూతి పెట్టి, బుస్సుమని వెనక్కి తగ్గాయి. ఆయన దోసిట్లోకి తీసుకుని నోట్లో పోసుకుని, థూ అని ఉమ్మేశాడు. వలలు బాగుచేసుకుంటున్న వాళ్లు పడీ పడీ నవ్వారు.

సముద్రం ఉప్పగా ఉంటుందని ఆయనకు తెలియక కాదు. పెద్దమ్మ నోట వెయ్యిసార్లు విన్నాడు. కానీ నీళ్లంటే తాగేవేనని చేతులకు అలవాటైపోయింది. "ఇన్ని నీళ్లుండి ఎడ్లకు గుక్కెడు నీళ్లు లేవా?" అన్నాడు, నమ్మిన మనిషి మోసం చేసినట్టు.

పెద్దమ్మ నవ్వలేదు. తడి చీరతోనే ఇసుక దిబ్బ వెనక్కి పోయి, కూర్చుని చేతులతో తవ్వింది. మా ఏటి ఇసుకలో తీసినట్టే చెలిమె తీసింది. తియ్యటి నీళ్లు ఊరాయి. బొక్కెనతో తోడి ఎడ్ల ముందు పెట్టి, "ఉప్పు పక్కనే తీపి ఉంటుంది. తవ్వుకోవాలంతే" అంది.

పుట్టింటి వాళ్లు మమ్మల్ని కడుపులో పెట్టుకుని చూశారు. కాలవ నీళ్లూ, కంచం నిండా తెల్లన్నమూ. అయినా పెదనాయన రోజురోజుకూ తగ్గిపోయాడు. అక్కడి నేల ఎప్పుడు దున్నాలో, గాలి ఎటు తిరిగితే వానో ఆయనకు అంతుబట్టలేదు. అరుగు మీద కూర్చుని ఎడ్లను చూసుకునేవాడు. వాటిని నీళ్లకు తోలేముందు చిన్నపిల్లల్ని పిలిచి, తియ్యటి నీళ్లేనా అని అడిగేవాడు.

పోలీసు యాక్షన్ అయ్యాక, ఇంటికి పోవచ్చన్న కబురు వచ్చింది. పెద్దమ్మ అన్నయ్య ఆమెను పిలిచి, "ఇక్కడే ఉండిపోండమ్మాయ్. బావకు పొలం చూపిస్తాం. నీకేం కావాలో నువ్వు చెప్పు" అన్నాడు. ఆమెకేం కావాలో అక్కడ ఎవరికి తెలియదు? పొద్దున లేస్తే అలల దగ్గరే ఉండేది. పెదనాయన తల వంచుకుని పలుపు పేనుతున్నాడు. ఉండిపోదామంటే ఉండేవాడే. మన ఊరికి పోదామని నోరు తెరిచి అడిగేవాడు కాదు.

"ఎద్దుకు నీళ్లు ఏడ తాపాల్నో తెలవని ఊళ్లె ఈ మనిషి ఎట్ల బతుకుతడన్నయ్యా? మేం పోతం" అంది పెద్దమ్మ.

పుట్టింట్లో నిలబడి మా మాట మాట్లాడింది. వాళ్లన్నయ్య మళ్లీ అడగలేదు. బయల్దేరే రోజు సముద్రం దగ్గరికి పోయొచ్చి, తడిసిన చీర అంచు పిండుకుని బండెక్కింది. చాలా దూరం పోయాక పెదనాయన వెనక్కి తిరగకుండానే అన్నాడు, "మాఘపున్నానికి తోల్కస్త. సముద్ర తానం చేద్దువు."

"మాట తప్పావో, నేనే నిన్ను ఈడ్చుకొస్తా" అంది.

ఊరికి వచ్చాక ఆమెకు మంచి ఆట దొరికింది. రోజూ సాయంత్రం ఎడ్లను తొట్టి దగ్గరికి తోలగానే వంటింట్లోంచి కేక వేసేది: "ఏమయ్యో, రుచి చూశావా?" పెదనాయన నిజంగానే దోసిట్లో తీసుకుని తాగి, "సూసిన్నే, తియ్యగనే ఉన్నయ్" అని బదులిచ్చేవాడు. ఆ తర్వాతే ఎడ్లను వదిలేవాడు. ఇరుగుపొరుగు నవ్వినా ఆ ముచ్చట ఒక్కరోజూ తప్పలేదు.

వచ్చిన ఏడు మాఘం, కూలిన కొట్టం లేపుకోవడంలోనే గడిచిపోయింది. ఈ ఏడు పెదనాయన బండికి కొత్త ఇరుసు వేయించాడు. పెద్దమ్మ దారి మూటలు కట్టి అటక ఎక్కించింది. పుష్యంలో జ్వరం వచ్చింది. మాఘం ఇంకా రానేలేదు.

నేను సముద్రాన్ని చూసి పాఠం చెప్పే పంతుల్ని. ఆ అదృష్టం ఆమె వల్లే. భూగోళమంటే పటం మీది గీతలు కాదనీ, ఎవరి ఎద్దు ఎక్కడ నీళ్లు తాగుతుందో అదీ అని నాకు అర్థమైంది ఆమె వదులుకున్నదాన్ని చూశాకే. ఆమెకు నేను ఎంతో రుణపడి ఉన్నాను. ఆ మాట ఆమెతో అనలేదు. అంటే "ఏంట్రా, జ్వరమొచ్చిందా?" అని నుదురు పట్టుకుని చూసేది.

అస్థికలు తమకిస్తే హంసలదీవి దగ్గర సముద్రంలో కలుపుతామని ఆమె అన్నయ్య వచ్చి అడిగాడు. "వద్దు బావా. బస్సుల ఎందుకు? తొవ్వ ఆమెకు ఎర్కనే. ఏటెంబడి పోతది" అన్నాడు పెదనాయన.

అందరం వాడపల్లి పోయాం. మూసీ వచ్చి కృష్ణలో కలిసేచోట కుండ వంచి, స్నానాలు చేసి ఒడ్డుకు వచ్చాం. పెదనాయన కాడి విప్పి ఎడ్లను నీళ్ల దగ్గరికి తెచ్చాడు. అవి ఆత్రంగా మూతులు చాచాయి. పలుపు బిగించి ఆపాడు. వంగి, ఆమె కలిసిన నీళ్లు దోసిట్లోకి తీసుకుని, నెమ్మదిగా తాగాడు. ఏరు పారుతున్న దిక్కుకు తిరిగి, వంటింట్లోకి వినబడాలన్నట్టు గట్టిగా అన్నాడు:

"సూసిన్నే. తియ్యగనే ఉన్నయ్."

అప్పుడు పలుపు వదిలాడు.