వెచ్చటి గుడ్లిచ్చిన నూకాలత్త

మా చిన్నప్పుడు... తెల్లారగానే నా మొదటి పని, మా పెట్ట పెట్టిన గుడ్డు పట్టుకుని పక్కింటి నూకాలత్త దగ్గరికి పరిగెత్తడం. మా ఇంట్లో పుంజు లేదు. పుంజు లేని ఇంటి గుడ్డు కూరకే గాని పొదగడానికి పనికిరాదు. అందుకే మా వజ్రపుకొత్తూరు వైపు గుడ్డుకి గుడ్డు మార్చుకునేవాళ్లం...

అత్త వాళ్ల పుంజు మామూలుది కాదండోయ్! ఎర్రగా నిగనిగలాడుతూ, జీడితోటంతా తనదే అన్నట్టు తిరిగేది. "పిల్లలైతే అవన్నీ నీవేనే గుంటా" అని మా మామ్మ నాకు మాటిచ్చేసింది. అప్పటిదాకా ఇంట్లో నాకంటూ ఏమీ లేదు... చెప్పులతో సహా అన్నీ అక్క వాడి వదిలేసినవే.

అత్త గుమ్మంలోనే గుడ్డు అందుకునేది. "ఉండవే, కడిగి ఇత్తాను" అంటూ తన గుడ్డు లోపల్నుంచి తుడిచి తెచ్చేది. చేతిలో పెడితే వెచ్చగా ఉండేది... కోడి ఇప్పుడే పెట్టిందని మురిసిపోయేదాన్ని, పిచ్చిదాన్ని!

వంటింట్లో చల్లటి మూల, తౌడు కుండలో, సన్నటి కొన కిందికి ఉండేలా దాచేదాన్ని. చెయ్యేస్తే ఊరుకోనని అక్కకి వార్నింగ్ కూడా ఇచ్చాను. మా పెట్ట పొదగడానికి కూర్చోగానే గంపలో ఇసుక పోసి, గడ్డి పరిచి, ఉరుములకి పాడవకుండా ఓ ఇనప మేకు పెట్టి గుడ్లు సర్దాం.

మూడు వారాలు దాటాయి. ఒక్కటీ పగల్లేదు. పెట్ట మేత మానేసి ఎముకలు తేలింది, అయినా లేవదు... చివరికి మామ్మ ఆ గుడ్లు తీసి పారేస్తే ఒకటే కంపు. పాపం అది మళ్లీ వెళ్లి ఖాళీ గంపలోనే కూర్చుంది. ఎంత ఏడ్చానో.

తర్వాత బోరింగు దగ్గర అత్త కూతురు గౌరి నోరు జారింది. "మాయమ్మ మరిగే నీలల్లో ముంచి ఇచ్చిందే! మా పుంజు జాతి మీకెందుకూ?"

ఒళ్లు మండిపోయింది. ఆ వెచ్చదనం ఇదన్నమాట!

విని మామ్మ కూడా పళ్లు నూరింది. మర్నాటి నుంచి అత్త లేచేలోపే మా పెరట్లో, దడి పక్కన, నూకలు చల్లడం మొదలుపెట్టాను. పుంజు దడి దూకి వచ్చేది... మా పెట్ట అక్కడే ఉండేది... మిగతాది అవీ అవీ చూసుకున్నాయి.

"నా పుంజుకి మీ పెరట్లో ఏటి పని?" అని అత్త అరిస్తే, "నన్నడుగుతావేటి? దాన్నే అడుగు" అంది మామ్మ.

ఈసారి గంప నిండా ఎర్ర పిల్లలు! అన్నీ నావే! వాటిని రోజూ అత్త వాకిలి ముందు నుంచే తోలుకెళ్లేదాన్ని. వేరే దారి లేక కాదు.

మరుసటి ఏడు తుఫానుకి జీడిచెట్టు విరిగి వాళ్ల కోళ్ల గూటి మీద పడింది. పుంజు పోయింది. మా ఎర్ర పిల్లలేమో అప్పటికి పుంజులూ పెట్టలూ అయ్యాయి. మిగిలిన ఒక్క పెట్ట పొదగడానికి కూర్చుంటే, అత్త గిన్నె పట్టుకుని మా గుమ్మంలోకొచ్చింది.

"నాలుగు గుడ్లియ్యే గుంటా... ఆ జాతి మల్లీ నిలబెట్టుకుంతాను."

"ఉండత్తా, కడిగి ఇత్తాను" అన్నాను.

లోపలికెళ్లి, గుడ్లని పరికిణీలో మూటగట్టి పొట్టకి ఆనించుకుని చాలాసేపు నిలబడ్డాను. వెచ్చగా తెచ్చి గిన్నెలో పెట్టాను. అత్త ఒక గుడ్డు పట్టుకు చూసింది... మొహం మాడిపోయింది. గిన్నె పట్టుకుని వెనక్కి తిరిగింది.

ఆ మధ్యాహ్నమే వాళ్లింట్లోంచి గుడ్ల కూర వాసన! వాళ్లు తినేదాకా ఆగి, దడి మీంచి చెప్పాను. "అత్తా, అవి మంచి గుడ్లే. నానేటీ ముంచలేదు."

ఆవిడ తన ఎంగిలి చేతి వైపు చూసుకుంది. నా ప్రాణం ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఇప్పుడు పలాసలో మా వీధి కొట్టు నిండా ట్రేలు ట్రేలుగా గుడ్లే... ఏ ఇంటివో తెలీదు. పక్కింటావిడ పేరు కూడా తెలీదు. పగ పట్టాలన్నా మనుషుల మధ్య ఆ మాత్రం రాకపోకలుండాలి కదా...

కోడి గురించో గుడ్డు గురించో ఇప్పటికీ మీరు క్షమించని మనిషి ఎవరైనా ఉంటే కింద రాసేయండి. నేనైతే నూకాలత్తని ఇవాళ్టికీ క్షమించలేదు.